కఠినజలము – గృహోపకరణములు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగపాఠము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున నన్నును రెండు మాటలు చెప్పుమని పెద్దలు కోరిరి. నేను కళాశాల గడప త్రొక్కినవాడను కాను. పగలు పద్దులు వ్రాసికొనుచు, రాత్రివేళ పురాణములను, కావ్యములను నాకు చేతనైనట్లు చదువుకొనువాడను. కనుక నేనేదో ప్రబంధమును గూర్చి ఉపన్యసింతునని మీరనుకొని యుందురు. కాని నేడు నేను మన ఇంటి కుళాయి నీటిని గూర్చి మాటాడదలచితిని. ఏలయన, ఆ నీటి విషయమున తెలియనితనముచేత నేనొక తప్పు చేసితిని. నా తప్పునకు మూల్యము వేరొకరు చెల్లించిరి. ఆ సంగతి ఈ సభలో చెప్పుకొనుట న్యాయమని తోచినది.

మనది పల్నాటి సీమ. మన కాళ్ళ క్రింద ఉన్నది సున్నపురాయి. పిడుగురాళ్ళ బట్టీలలో కాలి సున్నమగుచున్నదియు, మాచర్లలో సిమెంటగుచున్నదియు ఈ రాయియే. మన అరుగులమీది నాపరాయియు దీని చుట్టమే. శ్రీనాథుని పేర ప్రచారమందున్న చాటువులలో ఈ సీమ రాళ్ళును నీళ్ళును కలిసియే వినిపించునని మీరెరుగుదురు. కవి పరిహాసముగా జతచేసిన ఆ రెండింటికిని శాస్త్రరీత్యా కూడ బంధుత్వము కలదు. 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగి, 1967 ఆగష్టు 4వ తేదీన కాలువలకు నీరు విడువబడిన నాగార్జునసాగరమువలన కృష్ణాజలము కుడికాలువ ద్వారా మన సీమకు వచ్చినది. అయినను కాలువ కట్టివేసిన దినములలోను, కాలువ నీరందని ఇండ్లలోను బోరునీరే గతి. ఆ నీటినే మనవారు చవిటినీరని, ఉప్పునీరని అందురు. పాఠ్యపుస్తకములలో దీనికి కఠినజలమని పేరు.

వాననీరు భూమిలోనికి ఇంకునపుడు గాలిలోను మంటిలోను ఉన్న బొగ్గుపులుసు వాయువును కొంత తనలో కలుపుకొనును. అందువలన దానికి స్వల్పమైన పులుసుగుణము వచ్చును. ఆ నీరు సున్నపురాతి పొరలగుండ పోవునపుడు రాతిని కొంచెము కొంచెముగ కరగించి కాల్షియమును, మెగ్నీషియమును తనతో తెచ్చుకొనును. చూచుటకు నీరు తేటగానే యుండును. రాయి అందులో మారువేషమున నున్నదన్నమాట. ఆ నీటిని కాచినచో వాయువు లేచిపోవును. రాయి తన నిజరూపమును ధరించి తెల్లని పొరగా పాత్రకు పట్టును. కాచినంతమాత్రమున పోవు కాఠిన్యమును తాత్కాలిక కాఠిన్యమనియు, కాచినను పోనిదానిని శాశ్వత కాఠిన్యమనియు అందురు. ఈ రెండవది సల్ఫేటులు, క్లోరైడులు అను లవణముల రూపమున నుండును.

బెలుం గుహలను, బొర్రా గుహలను చూచినవారు మనలో కలరు. అచట పైకప్పునుండి శిలలు ఊడలవలె వ్రేలాడుచుండును. బొట్టుబొట్టుగా జారు నీటినుండి వాయువు విడిపోగా, మిగిలిన సున్నము గడ్డకట్టి అట్లైనది. అచట వేలయేండ్లు పట్టిన పని మన ఇంటి గీజరులో రెండు మూడేండ్లలో జరుగుచున్నది. వేడి ఆ పనిని తొందరపెట్టును. పంచదార చల్లని నీటికంటె వేడినీట ఎక్కువగ కరగునని అందరికిని తెలిసినదే. సున్నపురాతి స్వభావము దీనికి విపరీతము. నీరు వేడెక్కినకొలది అది కరిగియుండలేదు. కావున ఎచట వేడి ఎక్కువో అచటనే, అనగా గీజరు కడ్డీమీదనే, మొదట పేరుకొనును.

నేను లెక్కల మనిషిని గనుక ఒక లెక్క చెప్పెదను. లీటరు నీటిలో తాత్కాలిక కాఠిన్యము 300 మిల్లీగ్రాములున్నదనుకొందము. ఒక ఇంటిలో దినమునకు 50 లీటర్ల నీరు కాచుదురనుకొందము. అందులోని రాయి దినమునకు 15 గ్రాములు. ఏడాదికి సుమారు ఐదున్నర కిలోలు. గీజరులో నీరు మరగదు గనుక ఇదంతయు లోపల నిలువదు. పదియవ వంతు నిలిచినను ఏడాదికి అరకిలోకు మించిన రాయి అగును! ఈ పొర వేడిని లోహమువలె ప్రసరింపనీయదు. కడ్డీ పుట్టించిన వేడి నీటికి త్వరగా చేరక కడ్డీలోనే నిలిచిపోవును. మొదట నీరు కాగుట ఆలస్యమగును, తరువాత విద్యుత్తు బిల్లు పెరుగును, తుదకు కడ్డీలోని తీగ మాడి తెగును. బకెట్టులో పెట్టు హీటరు కడ్డీకిని ఇదే గతి.

సబ్బు లెక్కయు అట్టిదే. కఠినజలమున సబ్బు మొదట కాల్షియముతో కలిసి తెట్టెగా మారును. కాల్షియము తీరినపిదప గాని నురుగు రాదు. కాఠిన్యము 300 మిల్లీగ్రాములున్న నీరు 20 లీటర్ల బకెట్టెడు ఉన్నచో, నురుగు రాకముందే సుమారు 36 గ్రాముల స్వచ్ఛమైన సబ్బు వ్యర్థమగును. బట్టలు తెల్లబడకపోయిన చాకలిని నిందించుచుందుము. దోషము నీటిదై యుండవచ్చును.

మిగిలిన పరికరములను క్లుప్తముగా చెప్పెదను. బట్టలు ఉతుకు యంత్రమున నీటిని కాచు ఏర్పాటున్నచో ఆ కడ్డీకి సున్నము పట్టును. ఆవిరి ఇస్త్రీపెట్టె రంధ్రములు పూడి, తెల్లని పొడి బట్టలపై రాలును. స్నానపు జల్లుకుళాయి రంధ్రములు మూసికొనిపోవును. ఎయిర్ కూలరులో నీరు ఆవిరియై పోగా లవణములన్నియు తొట్టిలోను, గడ్డిలోను మిగిలి గడ్డి అట్టకట్టును. ఇన్వర్టరు బ్యాటరీలో కుళాయినీరు పోసినవారు బ్యాటరీనే పోగొట్టుకొందురు. దానికి బట్టీపట్టిన నీరే పోయవలెను. కుక్కరు విషయము అన్నిటికంటె ముఖ్యము. ఆవిరి వెడలు గొట్టమున సున్నమును, అన్నపు మెతుకులును చేరి పూడినచో అది ప్రాణాపాయము. మూత పెట్టుటకు ముందు ఆ గొట్టమును వెలుతురునకు ఎత్తి చూడుట ప్రతి గృహిణియు అలవరచుకొనవలెను. కందిపప్పు ఎంతసేపటికిని ఉడకకపోవుటకు కూడ ఈ కాల్షియమే కారణము. అది పప్పులోని పదార్థముతో బంధము కట్టి గింజను మెత్తబడనీయదు. పప్పు వేయుటకు కాలువనీటి బిందెను వేరుగా దాచిన మన అమ్మమ్మలు రసాయనశాస్త్రము చదువకయే ఈ సంగతి గ్రహించిరి.

ఇక నా తప్పు సంగతి. మా వీథిలో ఒక సోదరి కలదు. భర్త గతించిన పిదప కుట్టుమిషను త్రొక్కి ఇద్దరు పిల్లలను చదివించుకొనుచున్నది. ఆమె ఇంట గీజరు రెండేండ్లలో రెండుమారులు కాలిపోయెను. పప్పు ఉడకదు, బట్టలు తెల్లబడవు. అట్టి సమయమున నీటిశుద్ధి యంత్రములు అమ్ము ఒకతను వచ్చెను. లెక్కలు తెలిసినవాడనని ఆమె నన్ను పిలిపించెను. అతడు రెండు గాజుగ్లాసులు తీసెను. ఒకదానిలో ఆమె బోరునీరు పోసెను, రెండవదానిలో తాను తెచ్చిన యంత్రపు నీరు పోసెను. రెండింటిలోను విద్యుత్తు కడ్డీలు ముంచి మీట నొక్కెను. క్షణములో బోరునీరు నల్లమడ్డివలెనయ్యెను. యంత్రపు నీరు తేటగానే నిలిచెను. “చూశారా అమ్మా, మీ పిల్లలు రోజూ తాగేది ఇదే!” అనెను.

ఆమె ముఖము వెలవెలబోయెను. నావైపు తిరిగి, “బాబాయిగారూ, మీరూ చూశారుగా. మీరేమంటారు?” అని అడిగెను. నేను కూడ బెదరితిని. కన్నులార చూచినదానిని కాదనుట ఎట్లు? “తీసుకోమ్మా” అంటిని. వాయిదాల కాగితముపై ఆమె సంతకమునకు క్రింద హామీదారుగా నేనును సంతకము చేసితిని. యంత్రము వచ్చెను. మూడవ గీజరు కూడ ఆ ఏడాదిలోనే కాలిపోయెను. కాలక ఏమగును? యంత్రము వంటింటిలో త్రాగునీటికి పెట్టినది, గీజరు స్నానాలగదిలోనిది. రోగమొకచోట, మందొకచోట!

ఈ చింతతో నేను మన గ్రంథాలయమునకు వచ్చి ఉన్నత పాఠశాల రసాయనశాస్త్ర పుస్తకములను వెదకి చదివితిని. అర్థముకానిచోట సైన్సు మాస్టరుగారిని ఆశ్రయించితిని. ఆయన చిరునవ్వు నవ్వి, అట్టి కడ్డీలనే తెప్పించి, అదే యంత్రపు నీటిని గ్లాసులో పోసెను. మీట నొక్కగా నీరు మారలేదు. పిమ్మట అందులో చిటికెడు వంటయుప్పు వేసి మరల నొక్కెను. ఆ “పరిశుద్ధ” జలము చూచుచుండగనే మడ్డియయ్యెను! విషయమేమన, లవణములున్న నీటిలో విద్యుత్తు ప్రవహించును. అపుడు ఇనుపకడ్డీయే కరిగి త్రుప్పుగా నీటిలో కలియును. మేము చూచి భయపడిన మురికి నీటిది కాదు, కడ్డీది. లవణములు తీసివేసిన నీటిలో విద్యుత్తు ప్రవహింపదు గనుక త్రుప్పును రాదు. కన్నులు అబద్ధము చెప్పలేదు. చూచినదానికి అర్థము చెప్పుటలోనే మోసము జరిగినది.

ఆ రాత్రి నాకు మనుస్మృతిలోని ఒక మాట జ్ఞప్తికి వచ్చెను. కతకఫలము, అనగా మన చిల్లగింజ, నీటిని తేటపరచునదే యైనను దాని పేరు పలికినంతమాత్రమున నీరు తేటపడదని ఆరవ అధ్యాయమున చెప్పబడినది. సన్న్యాసి వేషమును గూర్చి చెప్పిన ఆ ఉపమానము నా సంతకమునకు కూడ వర్తించునని గ్రహించితిని. “శుద్ధి” యను పేరు విని నేను శుద్ధి జరిగినదనుకొంటిని.

మరునాడు ఆమె ఇంటికి పోయి జరిగినది చెప్పి, మిగిలిన వాయిదాలు నేను కట్టుదునంటిని. ఆమె కొంతసేపు మాటాడలేదు. తరువాత, “సగం మీరు కట్టండి బాబాయిగారూ, సగం నేను కడతాను. చూసింది ఇద్దరమూ కదా. ఇప్పుడు ఆ గీజరు సంగతి చెప్పండి” అనెను. నేను తెలిసికొని ఆమెకు చెప్పినదానినే మీకును విన్నవించెదను.

మొట్టమొదట నాలుగు విషయములను వేరువేరుగా చూడవలెను. కలక వేరు, కాఠిన్యము వేరు, క్రిములు వేరు, ఫ్లోరైడు వేరు. పటిక వేసిన కలక దిగును గాని కాఠిన్యము పోదు. చిల్లగింజయు అంతియే. వరాహమిహిరుడు బృహత్సంహితలో దకార్గళమను అధ్యాయమున భూగర్భజలముల జాడలు చెప్పి, బావినీటిని బాగుచేయుటకు అంజనము, తుంగముస్తలు, వట్టివేళ్ళు, ఉసిరిక, కతకఫలము మున్నగువానిని వేయుమన్నాడు. నీటి కలకకు, రుచికి, వాసనకు చెప్పిన యోగమది. పెద్దలు చెప్పిరని చిల్లగింజతో గీజరు బాగుపడునని ఆశింపరాదు.

కాచుటవలన క్రిములు చచ్చును, తాత్కాలిక కాఠిన్యము దిగును. కాని ఫ్లోరైడు పోదు. పైగా నీరు ఇగిరినకొలది అది చిక్కబడును. 1937లో నాటి నెల్లూరు జిల్లా పల్లెలలో ప్రజల ఎముకలను వంచిన వ్యాధికి ఫ్లోరైడు కారణమని వైద్యులు ప్రకటించిరి. ఆ నీరు చూచుటకు తేటగానే యుండెడిది. కావున కఠినజలమునకు భయపడి, ఫ్లోరైడును మరచుట అవివేకము. కఠినజలమువలన ఆరోగ్యమునకు హాని కలుగునని నమ్మదగిన ఆధారము లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. మన దేశపు త్రాగునీటి ప్రమాణము 2012లో సవరింపబడినది. దాని ప్రకారము లీటరునకు కాఠిన్యము 200 మిల్లీగ్రాములవరకు ఆమోదయోగ్యము. వేరు ఆధారము లేనిచోట 600 వరకు అనుమతింపవచ్చును. ఫ్లోరైడునకు ఆ హద్దులు 1, ఒకటిన్నర మిల్లీగ్రాములు మాత్రమే. ఈ అంకెల భేదమే ఏది సహింపదగినదో, ఏది సహింపరానిదో చెప్పుచున్నది.

టి.డి.ఎస్. మీటరను చిన్న పనిముట్టును చూచి కూడ మోసపోరాదు. నీటిలో కరిగిన లవణములు మొత్తమెంతయో విద్యుత్తు ప్రవాహమునుబట్టి అది అంచనా వేయును. అవి ఏ లవణములో చెప్పదు, క్రిములను అసలు చూడదు. కొబ్బరినీటిలో ముంచినచో అది వేలలో అంకె చూపి, ఆ నీరు పనికిరాదనిపించును. మురికిగుంటలో నిలిచిన వాననీటికి మంచి అంకె చూపవచ్చును. ఫ్లోరైడు, ఉప్పు మితిమీరినచోట ఆర్.ఓ. యంత్రము అవసరమే, దానిని నేను నిందించుటలేదు. కాని అది తీసికొన్న నీటిలో ఎక్కువ భాగమును బయటికి వదలును. ఆ వదలిన నీటితో ఇల్లు తుడుచుకొనవచ్చును, మరుగుదొడ్డికి వాడవచ్చును.

ఇక పరికరముల రక్షణ. గీజరు థర్మోస్టాటును 55 మొదలు 60 డిగ్రీలు దాటనీయకుడు. వేడి తగ్గిన సున్నమును తగ్గును. ఏడాదికొకమారు మిస్త్రీచేత విప్పించి కడ్డీని, తొట్టిని శుభ్రము చేయింపుడు. ఆ కూలి కొత్త కడ్డీ వెలకంటె తక్కువ. బకెట్టు హీటరును ప్లగ్గునుండి తీసి, పూర్తిగా చల్లారినపిదప, లీటరు నీటికి రెండు చెంచాల నిమ్మఉప్పు కలిపి, నీటిలో మునుగు భాగమును మాత్రము అందులో ఉంచుడు. పొంగు వచ్చి సున్నము వదలును. కత్తితో గీకరాదు. జల్లుకుళాయికిని ఇదే మందు. చింతపండు పులుసైనను పనిచేయును. అల్యూమినియము పాత్రలలో పులుసు ఎక్కువసేపు ఉంచకుడు. ఒక్క హెచ్చరిక: ఏ పులుసునైనను, ఆమ్లమునైనను బ్లీచింగు పొడితో ఎన్నడును కలుపరాదు. విషవాయువు పుట్టును.

కూలరు తొట్టిలోని పాతనీటిని మీద మీద నింపక, తరచుగా పారబోసి కొత్తనీరు పోయుడు. ఇస్త్రీపెట్టెకు ఏ నీరు పోయవలెనో దానితో వచ్చిన కాగితమున చదివి పోయుడు. పప్పునకు కాలువనీరైనను, కాచి చల్లార్చి తేర్చిన బోరునీరైనను వాడుడు. బట్టలు నానవేయు నీటిలో కొంచెము చాకలిసోడా వేసిన, శాశ్వత కాఠిన్యము కూడ దిగును. వాననీరు సహజముగ మృదుజలము. డాబామీది మొదటి వానను వదలి, తరువాతి నీటిని తొట్టిలో పట్టినచో ఖర్చులేని మృదుజలము లభించును.

సున్నమును సున్నముతోనే తీయు ఉపాయమును 1841లో థామస్ క్లార్కను స్కాట్లండు రసాయనాచార్యుడు కనిపెట్టి పేటెంటు పొందెను. తగిన పాళ్ళలో సున్నము కలిపినచో నీటిలోని వాయువు దానితో కలియగా, కరిగియున్న రాయి అడుగునకు దిగును. ముల్లును ముల్లుతో తీసినట్లన్నమాట. కాని కొలత తప్పిన నీరు పాడగును గనుక అది నీటి కర్మాగారముల పని, ఇంటి పని కాదు. ఇంటి మొత్తమునకు మృదుజల యంత్రము పెట్టువారు మరియొకటి గుర్తుంచుకొనవలెను. అది కాల్షియమును తీసి సోడియమునిచ్చును. కాఠిన్యము 300 ఉన్న నీటిలో ఈ మార్పిడివలన లీటరునకు సుమారు 138 మిల్లీగ్రాముల సోడియము చేరును. స్నానమునకు, బట్టలకు అది మేలు. రక్తపుపోటు గలవారికి త్రాగునీరు మాత్రము వేరుగా నుండవలెను.

తుదకు ఒక మనవి. 2019 ఆగష్టు 15వ తేదీన ప్రకటింపబడిన జలజీవన మిషను క్రింద, ప్రతి గ్రామమున ఐదుగురు స్త్రీలకు నీటిపరీక్షా పెట్టెలతో పరీక్ష చేయుట నేర్పవలెనని ఏర్పాటు కలదు. మన ఊరి పరీక్షల ఫలితములు ఎవరి సంచిలోనో, ఏ కార్యాలయపు బీరువాలోనో ఉండిపోరాదు. ఈ గ్రంథాలయమున ఒక రిజిస్టరు పెట్టుదము. తేదీ, ఏ బోరు, ఏ కుళాయి, కాఠిన్యమెంత, ఫ్లోరైడెంత, క్రిములున్నవా లేవా అని గడులు గీసి, వేసవికొకమారు, వానలు వెలిసిన పిదప ఒకమారు వ్రాయుదము. గీతలు గీయు పనియు, అంకెలు ఎక్కించు పనియు నాది. ఇక ఎవరైనను గ్లాసులో కడ్డీ ముంచి మన ఆడపడుచులను బెదరించిన, వారు పరుగున వచ్చి ఈ రిజిస్టరు తీసి చూచుకొందురు.

గ్రంథాలయమనగా కావ్యములు దాచిన బీరువా అని నేను చాలకాలము అనుకొంటిని. ఒక పుస్తకమును ఆరు నెలలు ముందుగా తీసి చదివియున్నచో ఒక ఇంటి కష్టార్జితము మిగిలియుండెడిది. ఆ సోదరి గీజరు నేటికి రెండేండ్లుగా చక్కగ పనిచేయుచున్నది. గత సంక్రాంతికి ముందు ఆమె తానే మిస్త్రీని దగ్గరుంచుకొని దానిని విప్పించి, కడ్డీనుండి రాలిన సున్నపు పెళ్ళలను ఒక కాగితమున పొట్లము కట్టి నాకు పంపినది. ఆ పొట్లమును ఈ సభానంతరమున గ్రంథపాలకులవారికి అప్పగింతును. అది మన రిజిస్టరు ప్రక్కన ఉండదగినది.